డవాలు బిళ్ళ చెప్పు కథ

తాలూకా కచ్చేరీ ముంగిట నిలిచిన బంట్రోతు భుజముమీదుగా ఏటవాలుగా దిగిన పట్టీని, దాని నడుమ మెరసిన ఇత్తడి బిళ్ళను ఎరుగని పెద్దలు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో అరుదు. ఆ పట్టీకి డవాలు అని పేరు. ఆ బిళ్ళనుబట్టి ఆ మనిషికి బిళ్ళ బంట్రోతు అని పేరు. డవాలు అనునది పారసీకమునుండి మనకు దిగిన మాట. తోలుపట్టీ అని దాని అర్థము. చప్రాసీ అను మాటకు మూలమైన చప్రాస్ అను పదమునకు మొదటి అర్థము పట్టీని బిగించు కొక్కెపుబిళ్ళ అని పండితులు కొందరు చెప్పుదురు. కచ్చేరీ బిళ్ళకును, సిపాయి రొమ్ముమీది బిళ్ళకును దగ్గరి చుట్టరికమే కలదు.

ఉదయగిరి అనగానే మనకు శ్రీకృష్ణదేవరాయల ముట్టడి జ్ఞాపకము వచ్చును. 1514లో ఆ దుర్గము గజపతుల చేజారి రాయల వశమైనది. ఇచ్చటి బాలకృష్ణ విగ్రహము హంపికి తరలి 1515లో అచ్చట ప్రతిష్ఠింపబడినది. కాని దుర్గమెక్కు విద్యార్థులు ఆనాటి సైనికుల బిళ్ళకై రాళ్ళసందులు వెదకుట వృథాశ్రమ. ఆనాటి బంటు నడుమున బిగించినది ప్రధానముగా గుడ్డ దట్టీ. అందులోనే బాకు దోపుకొనెడివాడు. దట్టీకి ముడియే బిగింపు.

లోహపు బిళ్ళ మనకు ఐరోపా కవాతుతో వచ్చినది. సిపాయి ఒక భుజమునుండి తూటాల సంచిని, మరియొక భుజమునుండి తుపాకి బాకును వ్రేలాడదీయగా, రెండు తెల్లని తోలుపట్టీలు రొమ్ముమీద అడ్డముగా కలిసినవి. ఆ పట్టీని నిలిపి యుంచుటకు వచ్చినదే ఈ బిళ్ళ. 18వ శతాబ్ది చివరి భాగమున ఇది వ్యాపించెను. అందుచేత 1757లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీని ధిక్కరించి అతని సోదరుడు నజీబుల్లా నెల్లూరు కోటలో నిలువగా, ఆంగ్ల సేనాని ఫోర్డు ముట్టడించి విఫలుడై మరలిన ఆ ఇంటిపోరు కాలమునకు ఇట్టి బిళ్ళను అంటగట్టరాదు. ఎవరైనను అట్లు చెప్పి అమ్మజూపినచో అనుమానింపవలసినదే. అన్నట్లు, ఉత్తరదేశమున సిపాయిని చాలకాలము ‘తిలంగా’ అని పిలిచిరి. మద్రాసు వైపునుండి వెళ్ళిన తొలి సిపాయిల మూలమున మన జాతి పేరే అచ్చట ఒక ఉద్యోగపు పేరైనది!

1839 నాటి అలజడి మనకు మరింత దగ్గరిది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను ఆయుధములను రహస్యముగా ప్రోగుచేసెనని కుంఫిణీవారు దండెత్తిరి. ఆ యేడు అక్టోబరులో జోహరాపురమువద్ద పోరు జరిగెను. ఉదయగిరి జాగీర్దారు అబ్బాసలీఖానుకు కూడ ఆ కుట్రలో పాలు కలదని నిర్ణయించి, జాగీరు తీసికొని, అతనిని చెంగల్పట్టుకు పంపివేసిరి. ఆనాటి కుంఫిణీ పదాతి రొమ్ముమీద పైన చెప్పిన బిళ్ళయే యుండెడిది.

ఇట్టి బిళ్ళ చేతికి వచ్చినప్పుడు ముందుగా దానిని బోర్లించి చూడవలెను. ముఖముకంటె వీపే నిజము చెప్పును. భుజపు బిళ్ళకు వెనుక తోలులో దూర్చు బొడిపెలు, కొక్కి ఉండును. నడికట్టు బిళ్ళకు ఒకదానిలో నొకటి తగుల్కొను బిగింపు ఉండును. బ్రిటిషు పదాతిదళము 1855లో కొత్తరకపు అంగీ తొడుగుటతో భుజపు బిళ్ళ తొలగి నడికట్టు బిళ్ళ వచ్చెను. ఇచ్చటి పటాలములును క్రమముగా ఆ దారినే పట్టినవి. పిదప అంకెలు. మద్రాసు పదాతిదళములను 1824లో పునర్వ్యవస్థీకరించి ఒక్కొక్క పటాలమునకు ఒక్కొక్క అంకెను ఇచ్చిరి. అంతకుముందు రెజిమెంటు అంకె వేరు, అందలి పటాలము అంకె వేరు. రెండంకెలును ఉన్న బిళ్ళ దాదాపుగా 1796కును 1824కును నడుమది. ఏనుగు బొమ్మ ఉన్నచో 1803 నాటి అస్సాయి యుద్ధగౌరవమేమో చూడవలెను. కుంఫిణీ ముద్ర 1858తో చెల్లిపోయినది. కిరీటపు రూపము 1901లో విక్టోరియా మరణము తరువాత మారినది. మూడు సింహముల ముద్ర 1950 నుండి వచ్చినది. మన కచ్చేరీ బిళ్ళలను ఈ కొలతతోనే వరుస పెట్టవచ్చును.

అరుగుదలను కూడ చదువవలెను. బంట్రోతు ప్రతిదినము ఇటుకపొడితో తోమిన బిళ్ళమీద ఉబ్బెత్తు అక్షరములు నునుపెక్కి, మూలలలో మడ్డి నిలుచును. నిన్న పోతపోసి పాతబరచిన బిళ్ళ అంతటను ఒకే తీరున మాసి యుండును. దొరికిన వెంటనే చింతపండు పెట్టి తళతళలాడ తోముట మన ఇండ్లలో అలవాటు. దానితో ఆ సాక్ష్యమంతయు కడుగుకొనిపోవును.

ఈ విద్యను మిక్కిలి పెంచినది అమెరికా. 1861 నుండి 1865 వరకు జరిగిన అచ్చటి అంతర్యుద్ధపు నడికట్టు బిళ్ళలను సేకరించువారు వేలకొలది. ఉత్తరపు సైనికుని కోలబిళ్ళ పలుచని ఇత్తడిరేకును అచ్చుకొట్టి, వీపున సీసము నింపి చేసినది, దానిపై యు.ఎస్. అను అక్షరములుండును. దక్షిణమున కర్మాగారములు తక్కువ. అందుచేత అచ్చటి బిళ్ళలలో పోతపని ఎక్కువ, తీరులు అనేకము. సంఖ్యలో తక్కువగుటచే వెల ఎక్కువ, వెల ఎక్కువగుటచే నకిలీలు ఎక్కువ. పొలములో లోహశోధకముతో త్రవ్వి తీసిన బిళ్ళ ఏ దండు విడిదిలో, ఎంత లోతున, దేని ప్రక్క ఉండెనో వ్రాయక అమ్మినవారు అచ్చటను లెక్కకు మిక్కిలి. ఆ బిళ్ళలు అద్దాలపెట్టెలలో మెరయుచున్నవి; చెప్పవలసిన మాట మాత్రము పోయినది.

మనవద్ద ఆపద వేరొకటి. పాత పెట్టెలలోని బిళ్ళ చెంబుతోను, గంటెతోను కలిసి పాతసామానులవాని త్రాసులోనికి పోవును. అతనికి దానిమీది అక్షరములు పనిలేదు, తూకము చాలును. తెలుగు అక్షరములు చెక్కిన కచ్చేరీ బిళ్ళ కరగినచో ఒక గ్రామపు పరిపాలన చరిత్రలో ఒక పుట కరగినట్లే.

ఉపాధ్యాయులు బాలురను త్రవ్వకములకు పంపరాదు. రక్షిత కట్టడముల ఆవరణలో అనుమతి లేక త్రవ్వుట నేరము. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము నేలలో దొరికినచో కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి నిధిచట్టము విధించుచున్నది. ఇంటిపెట్టెలో ఉన్నదాని సంగతి వేరు. దానిని ఇంటివారి వద్దనే యుంచి, ముఖమును వీపును బొమ్మగీయించి, కొలత, బరువు, అక్షరములు ఉన్నవున్నట్లు ఎత్తి వ్రాయింపవలెను. అది ఎవరి తాత ఏ కచ్చేరీలో, ఏ పటాలములో ధరించెనో ఆ ఇంటి ముసలమ్మను అడిగి, ఆమె చెప్పిన మాటలలోనే వ్రాసికొనవలెను. వెనుక కొక్కి విరిగియున్నచో ఆ ముక్కను పారవేయనీయక అదే పొట్లములో కట్టి యుంచవలెను.