గుంటమగ్గము చెంత కరెంటు పనిముట్లు



మగ్గమునకు చిన్న మరమ్మతు వచ్చినచో వడ్రంగి కొరకు రోజుల తరబడి కనిపెట్టుకొని యుండు కాలము పోయినది. ఇప్పుడు కర్రకు బెజ్జము వేయవలెనన్నను, ఇనుప కమ్మీ కోయవలెనన్నను ఇంటి కుర్రవాడే డ్రిల్లో, గ్రైండరో తెచ్చి అరగంటలో ముగించుచున్నాడు. చాల ఇండ్లలో కండెలు చుట్టు రాట్నమునకు కూడ చిన్న మోటారు అమరినది. సంతోషమే. అయితే వైరుతో నడచు ఈ పనిముట్లు వడ్రంగి దుకాణములో కంటె మన మగ్గపు గదిలో ఎక్కువ అపాయకరములు. కారణము మన నేలలోనే ఉన్నది.

నూలు తెగకుండుటకై మనము గదిలో తేమ నిలుపుదుము. గుంట మట్టిది, వానకాలములో చెమ్మ ఊరుచునే యుండును. నేయువారు వట్టికాళ్లతో అందు కూర్చుందురు. పొడినేల మీద రబ్బరు చెప్పులతో నిలిచిన వానికి జివ్వుమని పోవు షాకు, తడి మట్టిలో కాళ్లుంచిన వానికి ప్రాణాంతకము కావచ్చును. కరెంటు ఒంటి గుండా నేలలోనికి దిగుటకు అచ్చట దారి సులువు. కనుక గుంటలో కూర్చుండి గాని, దిగి గాని డ్రిల్లు పట్టరాదు. తొక్కుడు పలకకు బెజ్జము కావలెనన్న పలకను ఊడదీసి పైకి తెచ్చి, పొడిచోట బల్ల మీద బిగించి పని చేయవలెను. పది నిమిషములు ఎక్కువ పట్టును, అంతే.

"మా ఇంట ఫ్యూజున్నది గదా, భయమేమి?" అని అడుగువారు ప్రతి ఊరిలోను కనబడుచున్నారు. ఫ్యూజు గాని, దాని స్థానములో ఇప్పుడు వచ్చిన ఎం.సి.బి. గాని, వైరు కాలిపోకుండ కాపాడుటకు పుట్టినవి. మనిషిని కాపాడుటకు కాదు. 5 ఆంపియరుల ఫ్యూజు ఎగిరిపోవలెనన్న 5 ఆంపియరులకు మించి పారవలెను. మనిషి గుండె లయ తప్పుటకు అందులో నూరవ వంతు, అనగా 50 మిల్లీ ఆంపియరుల ప్రాంతము, ఒకటి రెండు సెకనులు పారిన చాలును. ఫ్యూజుకు ఆ సంగతి తెలియనే తెలియదు.

తెలిసికొను సాధనము వేరు. దాని పేరు ఆర్.సి.సి.బి. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానముగా నున్నవా లేదా అని అది చూచుచుండును. మనిషి గుండా నేలలోనికి 30 మిల్లీ ఆంపియరులు జారిపోయినచో సెకనులో చిన్న భాగములోనే లైను తెంచివేయును. ఇంటికి ఒకటి పెట్టించుకొనుడు. 30 మిల్లీ ఆంపియరులది అని అడిగి తీసికొనవలెను, ఎక్కువ అంకె గలది మనుష్య రక్షణకు పనికిరాదు. దాని మీద పరీక్ష మీట యుండును. నెలకొకసారి నొక్కి చూడవలెను. నొక్కినప్పుడు లైను పోకున్న అది చెడిపోయినట్లే. అయితే రెండు తీగలను రెండు చేతుల పట్టుకొన్న వానిని ఇదియు రక్షింపజాలదు.

ఇక ప్లగ్గు సంగతి. మూడు పిన్నులలో లావుగా, పొడుగుగా నున్నది ఎర్తు పిన్ను. అందరికంటె ముందు తగిలి, అందరికంటె వెనుక విడిపోవలెనని దానిని పొడుగు చేసినారు. పనిముట్టు లోపల తీగ ఊడి ఇనుప ఒంటికి తగిలినచో, ఆ కరెంటును భూమిలోనికి పంపునది అదియే. మన వారు సాకెట్టులో పట్టలేదని దానిని విరుగగొట్టుదురు. కొందరు ప్లగ్గే లేకుండ వట్టి తీగలను అగ్గిపుల్లలతో సాకెట్టులో గ్రుచ్చుదురు. రెండును మానవలెను. కొన్ని డ్రిల్లులకు రెండే పిన్నులుండును. ఒంటి మీద చదరములో చదరము గుర్తున్నచో అవి రెండు పొరల రక్షణతో చేసినవి, వానికి ఎర్తు అక్కరలేదు. అయినను తడి చేతులకు మినహాయింపు లేదు.

సాకెట్టుకు మూడవ రంధ్రము ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నదని నమ్మరాదు. పాత ఇండ్లలో ఆ రంధ్రము వెనుక తీగయే యుండదు. ఎలక్ట్రీషియనుచే చూపించుకొనవలెను. సేలములో నున్న వారికి తమిళమో, సోలాపురములో వారికి మరాఠీయో, బరంపురములో వారికి ఒడియాయో మాట్లాడు పనివాడు వచ్చును. అయినను ఎర్తు, ఆర్.సి.సి.బి. అను మాటలు అందరికిని అర్థమగును. ఎర్తు గొట్టము పాతిన చోట వేసవిలో నీళ్లు పోయుచుండవలెను. పడుగుకు గంజి పెట్టుట మరువని మనము దీనిని మాత్రము మరచెదము.

పొడుగు వైరు చుట్ట మీదనే ఉంచి గ్రైండరు నడిపినచో లోపలి చుట్లు వేడెక్కి పైతొడుగు కరగును. పూర్తిగా విప్పి వాడవలెను. 1000 వాట్ల పనిముట్టు 4 ఆంపియరులకు పైగా తీసికొనును, బల్బు వైరు దానికి చాలదు. తెగిన వైరుకు టేపు చుట్టుట మరమ్మతు కాదు.

గ్రైండరు నిప్పురవ్వలు నూలు దుమ్ములో పడి రాజుకొనును. ఆ పని పెరటిలోనే చేయుడు. కంటి అద్దములు లేనిదే మొదలుపెట్టరాదు, చక్రము మీది రేకు తీయరాదు. డ్రిల్లు వద్ద గాని, మోటారు రాట్నము వద్ద గాని జడ ముడివేసికొని, పైట బొడ్డున దోపుకొనవలెను. గుడ్డ చేతితొడుగులు తిరుగు మొనకు చుట్టుకొనును, వేసికొనరాదు. మొన మార్చునపుడు స్విచ్చి ఆపిన చాలదు, ప్లగ్గు తీయవలెను.

ఎవరికైన షాకు కొట్టినచో ముందు మెయిను ఆపవలెను. అందుబాటులో లేకున్న పొడి వెదురు బద్దతోనో, పొడి కర్రతోనో వైరును నెట్టవలెను. మనిషిని చేతితో తాకరాదు. విడిపించిన పిమ్మట శ్వాస లేకున్న రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి, నిమిషమునకు 100 నుండి 120 సార్లు బలముగా నొక్కుచు, మరియొకరు 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. లేచి కూర్చుండి "ఏమీ కాలేదు" అన్నవారిని కూడ ఆసుపత్రిలో చూపవలెను.

పని నడుమ కరెంటు పోవుట మనకు అలవాటే. అప్పుడు డ్రిల్లు మీట లోనికి బిగిసి యున్నచో, కరెంటు వచ్చినపుడు బల్ల మీది డ్రిల్లు దానంతట అదే తిరుగును. దీపము ఆరిన వెంటనే ప్లగ్గు తీసి, ఆ తరువాత టీ త్రాగుటకు లేవవలెను.