గుల్మర్గ్‌లో క్రాస్ కంట్రీ స్కీయింగ్: వెతకాల్సింది కొండను కాదు, మైదానాన్ని

కశ్మీర్ టూర్ అంటే మనవాళ్ల లిస్టులో గుల్మర్గ్ ఉండాల్సిందే. గొండోలా ఎక్కడం, ఫోటోలు దిగడం, పిల్లల్ని స్లెడ్జ్ మీద కూర్చోబెట్టడం... అంతే, రోజు అయిపోతుంది. స్కీయింగ్ అంటే మాత్రం "అమ్మో, పడితే కాళ్లు విరుగుతాయి" అంటూ చాలామంది ఆమడ దూరంలో ఉంటారు. ఆ భయమంతా ఏటవాలు కొండ మీద నుంచి జారే స్కీయింగ్ గురించి. చదునైన మంచు మీద నడిచినట్టే సాగిపోయే స్కీయింగ్ కూడా ఒకటుంది. అదే క్రాస్ కంట్రీ.

ఇందులో స్కీలు సన్నగా, తేలిగ్గా ఉంటాయి. బూటు ముందుభాగం మాత్రమే స్కీకి బిగుసుకుంటుంది, మడమ పైకి లేస్తూ ఉంటుంది. గొండోలా టికెట్ ఖర్చు లేదు. కానీ ఒళ్లు బాగా అలుస్తుంది, ఈ ఆటలో ఇంజిన్ మనమే మరి!

అందుకే దీనికి చోటు వెతకడం కూడా వేరు. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్ల దూరంలో, సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మర్గ్ అసలు ఒక పెద్ద పచ్చిక మైదానం. అక్కడి గోల్ఫ్ కోర్స్ చలికాలంలో మంచుతో కప్పుకుపోతుంది. చిన్న చిన్న ఎత్తుపల్లాలు, చుట్టూ అడవి. ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఈ పోటీలు జరిగేది ఈ గోల్ఫ్ కోర్స్ వైపే. 2014 సోచి ఒలింపిక్స్‌లో భారత్ తరఫున క్రాస్ కంట్రీలో పోటీపడ్డ నదీమ్ ఇక్బాల్ కూడా జమ్మూ కశ్మీర్ వాడే.

మైదానం దొరికింది కదా అని దిగిపోకూడదు. కొత్తగా పడ్డ మెత్తటి మంచులో కాళ్లు కూరుకుపోతాయి, పది నిమిషాలకే ఆయాసం. ముందే ఎవరైనా తొక్కి గట్టిపరిచిన బాట ఉందా చూసుకోవాలి. చెట్ల నీడ ఉన్నచోట మంచు త్వరగా కరగదు. చుట్టు తిరిగి మొదలైన చోటికే చేరే బాటైతే ఫ్యామిలీకి మరీ మంచిది, అలసిన వాళ్లు మధ్యలో ఆగిపోవచ్చు. నిటారు కొండల కిందికి మాత్రం వెళ్లొద్దు. 2024 ఫిబ్రవరిలో గుల్మర్గ్ పైభాగంలో హిమపాతం విరుచుకుపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు.

ఇక డబ్బులు పోయేది తేదీల దగ్గర. డిసెంబర్ 21 నుంచి 40 రోజుల చిల్లై కలాన్‌లో మంచు గ్యారంటీ అనుకుని ముందే అంతా బుక్ చేసేస్తారు. 2024 జనవరిలో అదే గుల్మర్గ్ చాలా రోజులు గోధుమరంగు గడ్డితో బోసిగా ఉంది. 2025లో మంచు చాలక ఖేలో ఇండియా పోటీలనే మార్చికి జరిపారు. కాబట్టి జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా చూసుకుని, హోటల్ మాత్రం క్యాన్సిల్ చేసే వీలున్నదే తీసుకోవడం నయం.

అద్దె షాపుల్లో ఎక్కువగా ఉండేవి కొండ మీద జారే స్కీలే. "క్రాస్ కంట్రీవి ఉన్నాయా" అని ముందే ఫోన్‌లో అడగాలి. కేంద్ర పర్యాటక శాఖ కింద ఉన్న స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ గుల్మర్గ్‌లోనే ఉంది, స్కీ కోర్సులు నడుపుతుంది. అక్కడా అడగొచ్చు. చేతికిచ్చాక బూటు బిగించి మడమ ఎత్తి చూడండి. లేవకపోతే అవి వేరే రకం, అక్కడే తిరిగి ఇచ్చేయండి.