గోడకెక్కిన ఛాయాచిత్రము

గోడపై నిలుచు గౌరవము తైలవర్ణ చిత్రమునకు దక్కినంత సులువుగా ఛాయాచిత్రమునకు దక్కలేదు. న్యూయార్కులోని నల్లజాతివారి పేట హార్లెంలో 1919లో జన్మించిన రాయ్ డికరావా ఈ కొరతను తానే తీర్చబూని, 1955లో తన నివాసముననే ప్రదర్శనశాల తెరచి, పలువురి ఛాయాచిత్రములను కళాఖండములుగా నిలిపెను. అది సుమారు రెండేండ్లు నడచినది.

1969లో మెట్రోపాలిటన్ మ్యూజియం హార్లెం జీవితముపై ఛాయాచిత్రములతో పెద్ద ప్రదర్శన జరుపగా, అతడు అందు పాల్గొనక, వెలుపల నిరసనకారులతో నిలిచెను. ఆ పేట చిత్రకారులకు, శిల్పులకు అందు చోటులేదు. ఛాయాచిత్రములనో, కళగా గాక వట్టి సమాచారముగా వాడిరని విమర్శ వచ్చినది. పేరు వచ్చు చోటిని కాలదన్నుట తెలివితక్కువయని కొందరనవచ్చును. మేము మాత్రము దానిని ఆత్మగౌరవమందుము.

అతని చిత్రములలో చీకటి మెండు. నలుపులోని ఛాయాభేదములను అచ్చులో నిలుపుట అతని నేర్పు. కొంతసేపు నిలిచి చూచినగాని కొన్ని ముఖములు కనబడవు.