మెయిల్‌లో ఒప్పుకున్న మీటింగ్ ఫోన్‌లో ఎందుకు కనిపించదు?

మందమర్రి సింగరేణి క్వార్టర్లలో ఉండే పిల్లలకు ఇప్పుడు ఉద్యోగ ఇంటర్వ్యూ పిలుపు మెయిల్‌లోనే వస్తుంది. డల్లాస్‌లో ఉన్న బిడ్డ ఆదివారం వీడియో కాల్‌కు టైమ్ పెట్టినా అదే దారి. కంప్యూటర్‌లో 'యాక్సెప్ట్' నొక్కుతాం, ఫోన్ మాత్రం గుర్తు చేయదు. ఇంటర్వ్యూ చేజారితే నష్టం చిన్నది కాదు కాబట్టి ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

ఆహ్వానం అంటే మెయిల్‌కు జతచేసిన చిన్న ఐసీఎస్ ఫైలు. 1998లో ఏర్పడి, 2009లో సవరించిన ఐక్యాలెండర్ ప్రమాణం ప్రకారం దాన్ని రాస్తారు. సమయం, పిలిచినవారి చిరునామా, పిలవబడినవారి చిరునామా, ఆ మీటింగ్‌కు మాత్రమే చెందిన ఒక గుర్తింపు సంఖ్య అందులో ఉంటాయి. సమయం మారినా, మీటింగ్ రద్దయినా కొత్త సందేశం అదే సంఖ్యతో వస్తుంది.

ఎక్కువ చిక్కు వచ్చేది జీమెయిల్‌ను పాత ఔట్‌లుక్‌లో ఐమ్యాప్ పద్ధతిలో పెట్టుకున్నప్పుడు. ఐమ్యాప్ మెయిల్‌ను మాత్రమే మోస్తుంది, క్యాలెండర్‌ను మోయదు. అక్కడ ఒప్పుకున్న మీటింగ్ ఆ కంప్యూటర్‌లోని క్యాలెండర్‌లోనే పడుతుంది. ఫోన్ చూసేది గూగుల్ క్యాలెండర్‌ను. అందుకే జవాబును బ్రౌజర్‌లోనో, ఫోన్‌లోని జీమెయిల్‌లోనో ఇవ్వడం మేలు. కంప్యూటర్‌లోనే చూడాలనుకుంటే థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో గూగుల్ క్యాలెండర్‌ను విడిగా కలుపుకోవచ్చు.

గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్ కూడా ఒకసారి చూడండి. ఆహ్వానాలు ఎవరి నుంచి వచ్చినా చేర్చాలా, తెలిసినవారివే చేర్చాలా, మనం జవాబిచ్చాకే చేర్చాలా అన్నది అక్కడ ఎంచుకోవచ్చు. 'తెలిసినవారు' అని ఉంటే, ఇంతకుముందు ఎప్పుడూ మెయిల్ రాయని కంపెనీ పంపిన ఇంటర్వ్యూ ఆహ్వానం దానంతటది చేరదు.

పిలుపు ఒక చిరునామాకు వచ్చి, క్యాలెండర్ మరో చిరునామాతో ఉంటే జవాబు సరిగా నమోదు కాకపోవచ్చు. దాన్ని ఫార్వర్డ్ చేసుకునే బదులు, వాడే చిరునామాకే మళ్లీ పంపమని అడగండి. ఆహ్వానానికి బదులు 'విన్‌మెయిల్ డాట్ డ్యాట్' అనే ఫైలు వస్తే, అది అవతలివారి ఔట్‌లుక్ తన సొంత పద్ధతిలో కట్టి పంపిన మూట. సెట్టింగ్ మార్చుకోవాల్సింది వాళ్లే.

ఇక గంట తేడా. మన గడియారం ఏడాదంతా ఒక్కటే. డల్లాస్‌లో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతారు. అక్కడ ఉదయం 8 గంటలకు పెట్టిన కాల్ మనకు వేసవిలో సాయంత్రం 6:30కి, చలికాలంలో 7:30కి పడుతుంది. అది క్యాలెండర్ లోపం కాదు. అన్ని మీటింగ్‌లూ తప్పు సమయంలో కనిపిస్తే మాత్రం కంప్యూటర్‌లోనూ, ఆన్‌లైన్ క్యాలెండర్‌లోనూ టైమ్‌జోన్ భారత్‌కే ఉందో లేదో చూడండి.

'యాక్సెప్ట్' నొక్కిన వెంటనే ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి, తేదీ, సమయం కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కనిపించకపోతే చేత్తో నమోదు చేసుకుని, పిలిచినవారికి వస్తున్నామని ఒక వాక్యం రాయండి.