నకషిమా కొయ్యపని కార్యశాల

నకషిమా కొయ్యపని కార్యశాల అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, న్యూ హోప్ పట్టణ సమీపాన ఉన్న కొయ్య సామాను తయారీ కేంద్రం. వాస్తుశిల్పి జార్జ్ నకషిమా (1905 మే 24 - 1990 జూన్ 15) రెండవ ప్రపంచ యుద్ధానంతరం దీనిని నెలకొల్పాడు. ఇక్కడ బల్లలు, కుర్చీలు, మంచాలు, అలమరలు ప్రధానంగా కొనుగోలుదారు కోరిక మేరకు ఒక్కొక్కటిగా తయారవుతాయి. పెద్ద కర్మాగారాలలో ముందుగా నమూనాను నిర్ణయించి, దానికి తగినట్లు కొయ్యను కోస్తారు. ఈ కార్యశాలలో పలకను చూసిన తరువాతనే వస్తువు రూపం ఖరారవుతుంది. చిన్న కార్యశాలకు, పెద్ద కర్మాగారానికి గల ముఖ్యమైన భేదం ఇదే.

స్థాపకుడు

నకషిమా వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ నగరంలో జపనీయ దంపతులకు జన్మించాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోను, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోను వాస్తుశాస్త్రం అభ్యసించాడు. తరువాత టోక్యోలో ఆంటొనిన్ రేమండ్ అనే వాస్తుశిల్పి వద్ద పనిచేశాడు. పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమం కొరకు రేమండ్ రూపొందించిన "గోల్కొండ్" వసతిగృహ నిర్మాణాన్ని 1937-1939 మధ్య అక్కడే ఉండి పర్యవేక్షించాడు. శ్రీ అరవిందులు ఆయనకు "సుందరానంద" అని పేరు పెట్టారు.

ఈ భవనం పేరుకు తెలంగాణతో సంబంధం ఉంది. హైదరాబాదు సంస్థానంలో ఉన్నత పదవిలో ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుండి దీనికి విరాళం లభించింది. అందుకు గుర్తుగా గోల్కొండ పేరును ఫ్రెంచి రూపంలో ఈ భవనానికి ఉంచారు.

నిర్బంధ శిబిరంలో నేర్చిన విద్య

1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేసిన తరువాత అమెరికా ప్రభుత్వం జపాను సంతతికి చెందిన దాదాపు 1,20,000 మందిని నిర్బంధ శిబిరాలకు తరలించింది. వీరిలో అత్యధికులు అమెరికా పౌరులే. 1942లో నకషిమా కూడా భార్యతోను, పసికందైన కుమార్తె మీరాతోను ఇడాహో రాష్ట్రంలోని మినిడోకా శిబిరానికి చేరవలసి వచ్చింది. జపానులో సంప్రదాయ వడ్రంగం నేర్చిన గెంటారో హికోగావా అనే పనివాడు అక్కడ ఆయనకు పరిచయమయ్యాడు. శిబిరంలో మంచి కలప దొరకదు. దొరికిన చెక్క ముక్కలతో, ఎడారి పొదల కొమ్మలతో పనిచేస్తూ నకషిమా ఆయన వద్ద చేతిపనిముట్ల వాడకాన్ని, అతుకుల నేర్పును గ్రహించాడు. ఉన్నత విద్య పొందిన వాస్తుశిల్పి ఒక వడ్రంగికి శిష్యుడు కావడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. పనికిరాదని పారవేసే ముక్కలోని అందాన్ని గుర్తించే అలవాటు తరువాతి పనిలోను నిలిచింది.

1943లో రేమండ్ పూచీపై నకషిమా కుటుంబం విడుదలై న్యూ హోప్ చేరుకున్నది. అక్కడే క్రమంగా ఇల్లు, కార్యశాల వెలిశాయి.

పని విధానం

దుంగ కోత: దుంగను ఏ దిశలో, ఎంత మందాన కోయాలన్నది మొదటి నిర్ణయం. కోత తప్పితే చేవలోని చారల అందం శాశ్వతంగా పోతుంది. నకషిమా మిల్లులో స్వయంగా నిలబడి కోత కోయించేవాడు. ఒక దుంగ నుండి వచ్చిన పలకలను చెదరకుండా, వరుస క్రమంలోనే భద్రపరుస్తారు. పక్కపక్కనే కోసిన రెండు పలకలను పుస్తకం తెరచినట్లు పరిస్తే రెండు వైపులా చారలు ఒకదానికొకటి ప్రతిబింబాల వలె కనిపిస్తాయి. పెద్ద భోజనపు బల్లలను తరచు ఈ విధంగా చేస్తారు.

ఆరబెట్టడం: పచ్చి కలప ఆరే కొద్దీ కుంచించుకుపోతుంది. ఈ కుదింపు పొడవున చాలా స్వల్పం, అడ్డంగా ఎక్కువ. అందువలన తొందరపడి ఆరబెట్టిన పలక వంకరపోతుంది లేదా పగులుతుంది. గాలికి ఆరబెట్టేటప్పుడు అంగుళం మందానికి సుమారు ఒక సంవత్సరం పడుతుందని వడ్రంగులు స్థూలంగా లెక్కిస్తారు. ఆపై వేడి గదిలో ఉంచి మిగిలిన తేమను తగ్గిస్తారు.

ఎంపిక: కొనుగోలుదారు కార్యశాలకు వచ్చి తన అవసరం చెబుతాడు. అందుకు తగిన పలకను ఎంచి, దాని ఆకారాన్ని బట్టి చిత్రం గీస్తారు. ఆ వస్తువు అడుగుభాగాన కొనుగోలుదారు పేరు వ్రాసే ఆచారం ఉంది.

అంచులు, పగుళ్ళు: చెట్టు సహజమైన అంచును కోసివేయకుండా అలాగే ఉంచడం ఈ కార్యశాల ప్రత్యేకత. పగుళ్ళను, ముడులను కూడా దాచరు. పగులు మరింత విచ్చుకోకుండా దానికి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు గట్టి కొయ్య బిళ్ళలను పొదుగుతారు. బిళ్ళ నడుమ సన్నగా, రెండు కొసలలో వెడల్పుగా ఉండటం వలన పగులుకు ఇరువైపులా ఉన్న చెక్కను పట్టి ఉంచుతుంది. ఇది అలంకారంగా కనిపించినా, పగులును ఆపడమే దీని అసలు పని.

ముఖ్యమైన వస్తువులు

నల్ల అక్రోటు కొయ్యను ఈ కార్యశాలలో విరివిగా వాడతారు. ఇక్కడి కోనాయిడ్ కుర్చీ ప్రసిద్ధమైనది. దానికి రెండే కాళ్ళు. నేలపై ఆనిన రెండు పొడవైన పట్టీలు వాటికి ఆధారం కాగా, కూర్చునే పలక ముందుకు చొచ్చుకొని ఉంటుంది. 1973లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ తన ఇంటి కొరకు సుమారు 200 వస్తువులను తయారు చేయించుకున్నాడు.

ఒక భారీ అక్రోటు దుంగ లభించినపుడు నకషిమా దానితో ప్రతి ఖండానికి ఒక "శాంతి బల్ల" చేయాలని సంకల్పించాడు. మొదటిదానిని 1986 డిసెంబరు 31న న్యూయార్కులోని సెయింట్ జాన్ ది డివైన్ చర్చిలో ప్రతిష్ఠించారు. మరొకటి ఆయన మరణానంతరం, 1996లో పుదుచ్చేరి సమీపంలోని ఆరోవిల్‌కు చేరింది.

కర్మాగారాలతో సంబంధం

నకషిమా పెద్ద ఉత్పత్తిని పూర్తిగా కాదనలేదు. ఆయన నమూనాలు కొన్నింటిని నోల్ సంస్థ 1946 నుండి కొన్నేళ్ళపాటు తయారు చేసింది. 1964లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి కొయ్య సామాను నమూనాలను రూపొందించాడు. అయితే కర్మాగారంలో చేయదగినవి సమానమైన కొలతలు గల వస్తువులే. సహజమైన అంచు గల పలకకు రెండవ ప్రతి ఉండదు కనుక, దానిని ఎదుట ఉంచుకొని నిర్ణయించే మనిషి తప్పనిసరి. ఈ పద్ధతి నిదానమైనది, ఖరీదైనది కూడా. సామాన్యులకు ఈ వస్తువులు అందుబాటులో లేకపోవడం దీని పరిమితి.

తరువాతి కాలం

నకషిమా తన అనుభవాలను, ఆలోచనలను "ద సోల్ ఆఫ్ ఎ ట్రీ" (1981) అనే గ్రంథంలో వివరించాడు. 1990లో ఆయన మరణించిన తరువాత, వాస్తుశిల్పి అయిన కుమార్తె మీరా కార్యశాల బాధ్యతలు స్వీకరించింది. తండ్రి సేకరించిన పలకలు, గీసిన చిత్రాలు ఆమెకు పనిని కొనసాగించడంలో తోడ్పడ్డాయి. 2014లో అమెరికా ప్రభుత్వం ఈ స్థలాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. ఒకప్పుడు ఏ ప్రభుత్వం ఆయనను నిర్బంధించిందో ఆ ప్రభుత్వమే ఈ గుర్తింపును ఇవ్వడం విశేషం.