హఠాత్తుగ మతి చలించిన వేళ

బచ్చన్నపేట వంటి గ్రామములో నొక యింటి యజమాని, కల్లు మానిన మూడవనాటి రాత్రి దిగ్గున లేచి, గోడమీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేయుచు అడ్డువచ్చినవారిని త్రోసివేసెననుకొందము. ఇంటివారి కప్పుడు తోచునవి రెండే. గాలి సోకినదని భూతవైద్యునికి కబురంపుట, లేదా మంచపుకోటికి కట్టివేయుట. ఈ రెంటివలనను ప్రాణము దక్కదని చెప్పుటకే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2020వ సంవత్సరము మార్చి నెలాఖరున కరోనా కట్టుబాట్లవలన తెలంగాణమున కల్లు దుకాణములును మద్యపుటంగళ్లును ఒక్కమారుగ మూతపడెను. కొలదిదినములలోనే హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయమునకు వణకువారు, పలవరించువారు, మూర్ఛలు వచ్చినవారు గుంపులుగ రాజొచ్చిరి. మందుకల్లులో కలుపు డైజిపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేటులకు అలవాటుపడిన మెదడు, అవి హఠాత్తుగ నిలిచినచో తిరుగబడును. మద్యము మానినను నంతే. చెట్టునుండి దించిన స్వచ్ఛమైన కల్లు మాట వేరు. దాని నమ్మువారెందరో మేము చెప్పనక్కరలేదు.

అట్టివానిని తీసికొనిపోగానే వైద్యుడు పిచ్చియని నిర్ణయింపడు. జ్వరము, నాడి, రక్తపుపోటు, రక్తములోని చక్కెర చూచును. తలకు దెబ్బ తగిలినదేమో విచారించును. చక్కెర పడిపోయినను, ముసలివారికి మూత్రమున చీము పట్టినను మనుష్యుడు ఇట్లే పలవరించును. పిమ్మట నడుగు ప్రశ్న, "కడపట త్రాగినదెప్పుడు?" అని. పరువు పోవునని యిల్లాలు "మావారికట్టి యలవాటు లేదండీ" యనును. ఆ యొక్క మాటతో చికిత్స దారి తప్పును. మత్తు మానుటచే వచ్చినదానికి లొరాజిపాం వంటి మందును థయామిన్ సూదియు కావలెను. ఇతర మతిభ్రమలకిచ్చు హాలోపెరిడాల్ ఒక్కటే యిచ్చినచో మూర్ఛలు హెచ్చవచ్చును.

వైద్యము అందువరకు కొడవలి, గొడ్డలి, రోకలి దూరముగ తీసివేయుడు. పిల్లలను పొరుగింటికి పంపుడు. దీపము ఆర్పవలదు. పదిమంది చుట్టుముట్టక, ఆయనకు చనువైన యొక్కరే మెల్లగ మాటలాడవలెను. తాము తలుపు దగ్గరనే నిలువవలెను. పురుగులున్నవనియు లేవనియు వాదింపక, "భయపడకు, నేనున్నాను" అన్న చాలును. 108కి ఫోను చేయుడు. సలహాకు 14416 సంఖ్యయందు టెలిమానస్‌వారు రాత్రింబవళ్లు పలుకుదురు.

గొలుసులు వేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఎర్వాడిలో పాకలంటుకొన్నప్పుడు, గొలుసులతో బంధింపబడిన 28 మంది రోగులు తప్పించుకొనలేక మరణించిరి. ఆ చట్టము ప్రకారమే ఆపత్సమయమున ఏ రిజిస్టరు వైద్యుడైనను 72 గంటలవరకు చికిత్స చేయవచ్చును. కావున తిన్నగ ఎర్రగడ్డకే పరుగెత్త పనిలేదు. ముందు జనగామ సర్కారు దవాఖానకు చేర్చుడు.

వెళ్లునప్పుడు ఆయన మ్రింగు బిళ్లల అట్టలుండిన కొంగున ముడివేసికొని తీసికొనిపోవుడు.