చేపకు వీరుడి పేరు

మనం ఆవుకు గౌరి అని, లక్ష్మి అని పేరు పెడతాం. ఎద్దును రాముడూ అని పిలుస్తాం. ఈ రోజుల్లో పిల్లలు గాజు తొట్టిలో రంగు చేపలు పెంచుతున్నారు. వాటికీ పేర్లు పెడుతున్నారు.

ఒక పిల్లవాడు బడిలో యుద్ధవీరుడి కథ విన్నాడు అనుకుందాం. ఇంటికి వచ్చి తన చేపకు 'మహేంద్ర' అని ఆ వీరుడి పేరే పెట్టాడు. అమ్మమ్మ ఊరుకుంటుందా? "అదేం పనిరా! అంత గొప్ప మనిషి పేరు చేపకా?" అంటుంది.

అమ్మమ్మ మాటలోనూ న్యాయం ఉంది. "ఇది జరగకపోతే కుక్కకు నా పేరు పెట్టు" అని మనం పంతం పడతాం. జంతువుకు మనిషి పేరు పెడితే చిన్నతనం అనే కదా దాని అర్థం! మరి పిల్లవాడు తప్పు చేశాడా? ముందు ఆ వీరుడు ఎవరో తెలుసుకుందాం.

మునిగిన ఓడ

1971 డిసెంబరులో మన దేశానికీ పాకిస్తాన్‌కూ యుద్ధం జరిగింది. అప్పుడు 'ఖుక్రి' అనే మన యుద్ధ ఓడ గుజరాత్ పక్కన, డయ్యూ దగ్గర సముద్రంలో తిరుగుతోంది. డిసెంబరు 9 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి దాన్ని దెబ్బ కొట్టింది. జలాంతర్గామి అంటే నీళ్ల అడుగున నడిచే ఓడ. ఖుక్రి కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది.

ఆ ఓడకు పెద్ద, కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా. ఆయనకు 45 ఏళ్లు. ఓడ మునుగుతోందని తెలియగానే అందరినీ నీళ్లలోకి దూకి ప్రాణాలు కాపాడుకోమన్నారు. నీళ్లలో తేలడానికి తొడుక్కునే తన జాకెట్టును ఒక నావికుడికి ఇచ్చేశారని చెబుతారు. ఆయన మాత్రం దూకలేదు. ఇంకా ఎవరినైనా కాపాడగలనా అని చూస్తూ ఓడతో పాటే మునిగిపోయారు. ఆ రాత్రి 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు.

ప్రభుత్వం ఆయనకు మహావీర చక్రం ఇచ్చింది. డయ్యూలో సముద్రం ఒడ్డున ఖుక్రి జ్ఞాపకచిహ్నం కట్టారు. 1989లో మన నౌకాదళం మరో కొత్త ఓడకు ఖుక్రి అనే పేరు పెట్టింది. అది 2021 వరకు పనిచేసింది. ఓడ మునిగినా పేరు మునగలేదు.

పేరు నిలబెట్టడం ఎలా?

జంతువుకు వీరుడి పేరు పెట్టడం కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో చర్చిల్ అనే నాయకుడు ఉండేవాడు. ఒక పిల్లి పెద్ద కుక్కను తరిమికొట్టడం ఆయన చూశాడు. దాన్ని చేరదీసి నెల్సన్ అని పేరు పెట్టాడు. నెల్సన్ 1805లో సముద్ర యుద్ధంలో చనిపోయిన నౌకాదళ వీరుడు. చర్చిల్ ఆ పేరు ప్రేమతోనే పెట్టాడు.

మన ఇళ్లలో మనవడికి తాత పేరు పెడతాం. ఆ పేరు పెట్టి తిట్టడానికి కోడలికి నోరు రాదు. అందుకే ఇంకో ముద్దు పేరుతో పిలుస్తుంది. అంటే, పేరు పెట్టడంతోనే అయిపోదు. పేరును గౌరవంగా చూసుకోవాలి.

చేప విషయమూ అంతే. ఆకలైతే అది అరవలేదు. నీళ్లు పాడైతే పారిపోలేదు. ఓడలోని వాళ్ల ప్రాణాలు కెప్టెన్ చేతిలో ఉన్నట్టే, చేప ప్రాణం పెంచేవారి చేతిలో ఉంటుంది. అందుకని కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి.

- చిన్న గాజు గిన్నెలో చేపను పెట్టకూడదు. పెద్ద తొట్టి కావాలి.
- కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి మందు కలుపుతారు. ఆ మందు చేపకు హాని చేస్తుంది. నీళ్లు పట్టి, వెడల్పాటి పాత్రలో ఒక రోజైనా ఉంచాలి. దుకాణాల్లో దొరికే విరుగుడు చుక్కలు కలిపితే ఇంకా మంచిది.
- నీళ్లన్నీ ఒక్కసారే పారబోయకూడదు. కొంచెం తీసి కొంచెం పోయాలి.
- చిటికెడు మేత చాలు. మిగిలిన మేత కుళ్లి నీళ్లు పాడవుతాయి.

బాగా చూసుకుంటే బంగారు చేప పదేళ్లకు పైగా కూడా బతుకుతుంది. పేరు పెట్టి, ఆ తర్వాత పట్టించుకోకుండా చంపితే అదే అవమానం. పేరు పెట్టి, రోజూ ఆ కథ చెప్పుకుంటూ చేపను కాపాడితే అదే గౌరవం. అప్పుడు అమ్మమ్మ కూడా "మహేంద్రకు మేత వేశావా?" అని తానే అడుగుతుంది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కెప్టెన్ ముల్లా ఎందుకు దూకలేదు?
2. మీ ఇంట్లో ఎవరి పేరు ఎవరికి పెట్టారు? ఎందుకు?
3. ఆ పేరు గల పెద్దల కథ మీ పిల్లలకు తెలుసా? తెలియకపోతే ఈ రాత్రి చెప్పండి. నాలుగు మాటల్లో రాసి ఉంచండి.